చిలకపెట్టెలో పారినాయుడు

ఒకటో రోజు

ఈ పుస్తకంలో నీటిమట్టం, మోటార్లు, గేటు సంగతులు తప్ప సొంత గోడు రాయకూడదని మొదటి పేజీలోనే ఉంది. ఆ మాట రాసింది మా ఊరి పెద్ద పారినాయుడు. ఆయన ఇవాళ పొద్దున అయిదున్నరకి పోయాడు. ఇక నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

నీటిమట్టం తూర్పు గోడకి అవతల పదకొండు అడుగులు. మోటార్లు మూడూ తిరుగుతున్నాయి.

ఆరింటికి కుళాయిలు వదిలే వేళ. మా ఊరు ఏడో కట్టలో నలభై రెండు కుళాయిలు, ఒక్కో కుళాయి పక్కన ఒక్కో చిలకపెట్టె. నీళ్లు వచ్చే ముందు పెట్టె మాట్లాడుతుంది. బడికైనా, బియ్యం పంపకానికైనా, సముద్రం పోటుకైనా అదే పెట్టె, అదే గొంతు. పన్నెండేళ్లుగా అది పారినాయుడి గొంతు. ఆయన రోజూ వచ్చి చెప్పేదేమీ లేదు. ఎప్పుడో మూడు రోజులు కూర్చుని చదివిపెట్టాడు, మిగతా మాటలన్నీ మిషను ఆ గొంతుతో కూర్చుకుంటుంది. ఈ సంగతి ఊళ్లో నాలుగు వేలమందికీ తెలుసు.

తెలిసి ఏం లాభం. మనిషి పోయిన అరగంటకి నలభై రెండు పెట్టెలూ ఒక్కసారి "నీళ్లొదుల్తన్నాను. బిందెలెట్టండి. తోసుకోకండి" అనేసరికి జనం బిందెలు పారేసి పరుగెత్తారు. నాలుగో వీధిలో ఒకాయన పెట్టె ముందు సాష్టాంగపడ్డాడు. ఆరో వీధిలో ఒకావిడ "సచ్చినా వదల్డా ఈడు" అని పెట్టె మీదికి చెప్పు విసిరింది. మూత పగిలింది. భక్తి ఎవరిదైనా కోపం ఎవరిదైనా మూత మార్చాల్సింది మాత్రం నేనే.

రెండో రోజు

కమిటీ పిలిచింది. ఊరికి కొత్త పెద్దని ఎన్నుకునేదాకా కమిటీ అంటే ఇద్దరే. పారినాయుడి కుడిభుజం తవిటినాయుడు ఒకరు, ఆయనంటే పడని కృష్ణవేణి టీచరమ్మ ఇంకొకరు.

"ఆ గొంతు ఎప్పటికీ ఉండాలి," అన్నాడు తవిటినాయుడు. "ఆ మహానుబావుడు గేటు ముయ్యకపోతే ఈయాల మనం ఎవలం ఉండేవోలం కాదు."

"మూసినాడు గనకే పదిహేడు మంది లేరు," అంది టీచరమ్మ. "ఈయాలే తీసీండి."

పన్నెండేళ్ల నాటి ఉప్పెన గురించి వీళ్లిద్దరూ ఇలా దెబ్బలాడుకోవడం నేను వెయ్యిసార్లు విన్నాను. పడవలు లాగడానికి పదిహేడు మంది గేటు బయటికి వెళ్లారు. నీళ్లు ఎర్రగీత తాకాయి. పారినాయుడు మైకులో ఒక్కసారే అన్నాడు: "గేటు మూసేస్తన్నాను. బయటున్నోలు నన్ను సమించక్కర్లేదు." మూసేశాడు. ఊరు బతికింది. తర్వాత ఆయనే, ఈ ఊళ్లో ఏ హెచ్చరికైనా తన గొంతులోనే ఉండాలని ఆర్డరు వేశాడు. ప్రతి పెట్టెకీ కింద ఒక కన్నం పెట్టించాడు. తిట్టాలనుకున్నవాళ్లు ఆ కన్నంలో తిట్టొచ్చు, తను ఇంట్లో కూర్చుని వింటాడు. అంత మంచివాడైతే ఎన్నికలు మూడుసార్లు ఎందుకు వాయిదా వేశాడని అడక్కండి. మొదటి వాయిదాకే అడిగిన మా ఆయన గురువులుని తొంభై రోజులు ఉప్పుమడి పనికి పంపాడు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ఆడపిల్ల మోటారేం చూస్తుందని అందరూ నవ్వుతుంటే ఈ మోటార్ల గది తాళంచెవి నా చేతిలో పెట్టింది కూడా ఆయనే.

మూడు గంటలు వాదించుకుని ఇద్దరూ కలిసి తేల్చింది ఏమిటంటే, రెండు రోజులు పెట్టెలు మూగగా ఉండాలి. నీళ్లు మాత్రం వదలాలి.

"చెప్పకుండా వదిలితే ఎవరికి తెలుస్తుంది బావూ?" అన్నాను.

"తెలుసుకుంటారు," అన్నాడు తవిటినాయుడు. నా మాట ఆ గదిలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

మూడో రోజు

ఎవరూ తెలుసుకోలేదు. నీళ్లు వచ్చాయి, పోయాయి. సగం వీధులు బురద, మిగతా సగం వీధులు నీళ్లు రాలేదని నా గది ముందుకొచ్చాయి.

అందరికంటే ముందు వచ్చింది దాలమ్మ. తూర్పు గేటు పక్క ఒకటో కుళాయి ఆవిడది. డెబ్బై దాటాయి. గేటు బయట పోయిన పదిహేడు మందిలో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు బంగారయ్య ఉన్నాడు. మొదటి రెండేళ్లు ఊరంతా కన్నాల్లో తిట్టింది. తర్వాత ఒక్కొక్కరే అలిసిపోయి మానేశారు. దాలమ్మ మానలేదు. ఎండైనా వానైనా ఆరింటికి పెట్టె మాట్లాడగానే, బిందె నిండేదాకా ఆ కన్నంలోకి వంగి పారినాయుడిని కడిగేసి వెళ్తుంది.

"ఓలె రత్నం, ఆడి గొంతేటయింది?"

"ఆయన పోయాడు కదత్తా. కమిటీ ఆపమంది."

"ఆడు పోతే పోనాడు, గొంతునెందుకు ఆపడం? ఈయాల పొద్దున్న ఎవల్ని తిట్టాలో తెలక అలగే నిలబడిపోనాను. బిందె నిండిపోయి కాళ్లమీద పోసుకున్నాను. సూడు."

చూశాను. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. అభిమానులు ఉంచమంటారు, వ్యతిరేకులు తీసేయమంటారు, ఆ రెండూ నాకు అర్థమవుతాయి. అందరికంటే ఎక్కువ తిట్టిన మనిషే ఉంచమంటే నేను ఏ కాగితం మీద రాసుకోవాలి?

అయిదో రోజు

పెట్టెలకి కొత్త గొంతు వచ్చింది. కమిటీయే ఎంచింది. మనిషిది కాదు, మిషనుదే. మెత్తగా, తేనె పూసినట్టు, ఏ ఊరిదో తెలియకుండా ఉంటుంది. "దయచేసి గమనించండి. మరికొద్ది సేపట్లో నీటి సరఫరా ప్రారంభమవుతుంది."

ఒక్కరూ కదల్లేదు. "ఎవలితోటి మాటాడతంది?" అని పక్కవాళ్లని అడుగుతున్నారు. సాయంత్రం పోటు హెచ్చరిక ఇస్తే గోడ మీద కూర్చున్నవాళ్లు చిక్కుడుకాయలు వలుచుకుంటూ అలాగే కూర్చున్నారు. వెళ్లి చేతులు పట్టుకుని దింపాను. పారినాయుడి గొంతైతే ఆయన్ని ప్రేమించినవాళ్లు ప్రేమతో దిగేవాళ్లు, అసహ్యించుకున్నవాళ్లు భయంతో దిగేవాళ్లు. దిగడం మాత్రం దిగేవాళ్లు.

పదకొండో రోజు అస్థికలు కలపడానికి జనం గేటు బయటికి వెళ్తారు. ఆ మధ్యాహ్నమే ఈ నెలకి పెద్ద పోటు. ముహూర్తం మార్చమని కమిటీకి కాగితం పెట్టాను. "ఆలోచిస్తాం" అని రాసి తిప్పి పంపారు.

ఇంటికెళ్తే గురువులు అన్నం ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. ఉప్పుమడిలో కాళ్లు పగిలి నెత్తురు కారిన మనిషి.

"నీకేమైంది?" అన్నాను.

"నాకూ తెలీదే," అన్నాడు. "ఆడొచ్చి నాకు జవాబు సెప్తాడని ఉండీది."

ఏడుపు చల్లారలేదు, అన్నం చల్లారిపోయింది. ఇంక ఈ ఊళ్లో తిన్నగా ఆలోచించే మనిషిని దేవుడే చూపించాలి.

ఎనిమిదో రోజు

ఇవాళ్టి తప్పు నాది. రాయకుండా ఉండలేను.

కొత్త గొంతుని ఇంకాస్త బిగ్గరగా పలికిద్దామని పెద్ద బోర్డు విప్పాను. కుళాయిల దగ్గరి కన్నాల్లో జనం అనే మాటలన్నీ ఒక తీగ మీద పారినాయుడి ఇంటికి వెళ్లాలి. ఆ తీగ ఉండాల్సిన చోట ఖాళీ. రెండు మరలు తుప్పు పట్టి ఉన్నాయి. తీగ ఎక్కడుందా అని వెతికితే మూడో మోటారు వెనక దొరికింది, నా చేతి ముడితో.

గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కిందట మూడో మోటారు తీగ కాలిపోయింది. స్టోరులో ఒక్క మూర తీగ లేదు, నీళ్లు ఎక్కుతున్నాయి. చేతికందిన తీగ పీకి కట్టాను. రేపు మార్చుదాంలే అనుకున్నాను.

రేపు అనుకుని ఎనిమిదేళ్లయింది. దాలమ్మ ఎనిమిదేళ్లుగా ఒక చెక్కపెట్టెని తిడుతోంది.

పారినాయుడు మూడు నాలుగు నెలలకోసారి ఈ గదికి వచ్చేవాడు. మోటార్ల మీద చెయ్యి వేసి చూసి, వెళ్తూ వెళ్తూ "ఏటమ్మా రత్నం, జనం ఏటీ అనడం లేదేటి?" అనేవాడు. నేను చేతులు తుడుచుకుంటూ "ఏమంటారండీ, అంతా బాగానే ఉంది" అనేదాన్ని. పలకరింపు అనుకున్నాను. నిజంగా అడుగుతున్నాడని నాకేం తెలుసు?

తొమ్మిదో రోజు

తీగ అవతలి కొస చూడాలనే వంకతో పారినాయుడి ఇంటికి వెళ్లాను. ఆయన చెల్లెలు సన్యాసమ్మ ఉంది. తలుపు పక్కన చిన్న బల్ల మీద వినే పెట్టె, దాని ముందు పీట. పీట మధ్యలో రంగు పోయి నున్నగా అరిగిపోయి ఉంది.

"రోజూ ఆరింటికి ఇక్కడే కూకునీవోడు," అంది సన్యాసమ్మ. "ముందర్లో ఊరంతా తిట్టీది. తరవాత ఆ దాలమ్మ ఒక్కర్తే. ఓ రోజు అదీ మానీసింది. నాలుగు రోజులు సూసి, అయిదో రోజు నన్ను పిలిసి, దాలమ్మ కూడా సమించీసిందే అన్నాడు. ఆ పూట కూడు తిన్లేదు. ఏడిసినాడు."

"ఆ తర్వాత?"

"తరవాత మారిపోనాడమ్మా. ఊరంతా నా ఎనకే ఉన్నాది, ఎన్నికలెందుకు అనీవోడు. అయినా ఆరింటికి కూకోడం మాన్లేదు."

పీట మీద కూర్చోమంది. కూర్చోలేదు. పని ఉందని చెప్పి వచ్చేశాను. దారిపొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన చేసిన తప్పులన్నీ నా తీగ వల్లే అనుకునేంత పిచ్చిదాన్ని కాదు. గురువులుని ఉప్పుమడికి పంపింది తీగ పీకడానికి ముందే. కానీ ఊరు తన వెనకే ఉందని ఆయన నమ్మడంలో నా చేతి ముడి ఒకటి ఉంది. దాన్ని ఎవరికి చెప్పుకోవాలి? ఊళ్లో సగంమంది నన్ను రాళ్లతో కొడతారు, మిగతా సగం మంది నాకు దండ వేస్తారు. రెండూ నాకు వద్దు.

పదకొండో రోజు

నీటిమట్టం పొద్దున పన్నెండు అడుగులు. మధ్యాహ్నం రెండింటికి పదమూడున్నర. గాలి తూర్పు నుంచి.

రెండుంబావుకి అస్థికల కుండతో బయటికి వెళ్లినవాళ్లు గేటు పుస్తకం ప్రకారం మూడు వందల ఆరుగురు. తవిటినాయుడు కుండ పట్టుకున్నాడు. టీచరమ్మ కూడా వెళ్లింది, ఏడవడానికి కాదు, అడ్డుపడడానికి. ఎందుకంటే తవిటినాయుడు అస్థికలు సరిగ్గా ఆ మెట్ల మీంచే కలుపుతానన్నాడు, అప్పుడు పదిహేడు మంది నిలబడిపోయిన మెట్ల మీంచే. అలా చేస్తే లెక్క సరిపోతుందని ఆయన ఉద్దేశం. పోయినవాళ్ల బంధువులు మెట్లకి అడ్డంగా నిలబడి కలపనివ్వం అన్నారు. దాలమ్మ మాత్రం వెళ్లలేదు. గేటు లోపల తన కుళాయి దగ్గర బిందె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "ఆడేటి నాకు సుట్టమా?" అంది.

రెండు నలభైకి మొదటి హెచ్చరిక. "దయచేసి గమనించండి." బయట ఎవరూ గమనించలేదు. రెండు యాభైకి ఇంకోసారి. మెట్ల మీద తోపులాట కనిపిస్తోంది. కుండని నలుగురు ఇటూ నలుగురు అటూ లాగుతున్నారు. కింది మెట్టు మునిగింది, చూసుకున్నవాడు లేడు. నేను గేటులోంచి అరిచాను. గాలికి నా మాట నాకే వినిపించలేదు.

ఎర్రగీతకి నాలుగు వేళ్లు తక్కువ ఉంది. గీత తాకితే గేటు మూయాలి. లేకపోతే నీళ్లు మోటార్ల గదిలోకి, అక్కణ్ణుంచి ఊళ్లోకి.

ఒక్క దారే ఉంది. పాత గొంతు మిషనులోనే ఉంది, నేను తుడిచేయలేదు. ఏ మాట కొడితే ఆ మాట పలుకుతుంది. గేటు పక్కనే ఉన్న నా గదిలోకి పరుగెత్తి, మీటల మీద చేతులు పెట్టి "గేటు మూసేస్తన్నాను" అని కొట్టాను. ఇంకొక్క మీట నొక్కితే చాలు.

"ఏటి సేస్తన్నావు?" దాలమ్మ నా వెనక నిలబడి ఉంది. "ఆడి గొంతెట్టకు. ఆ మెట్లమీద ఆ మాట ఇంకోపాలి ఇంటే ఆల గుండెలాగిపోతాయి. ఒకల్నొకలు తొక్కుకుంటారు. ఇలగియ్యి."

మైకు లాక్కుంది.

"ఓరి తవిటినాయుడూ! ఆ కుండ అక్కడెట్టీసి రా. ఆడు సచ్చినాడు, ఆడికి పోటుతోటి పన్లేదు. నీకుంది, నీ ముగ్గురు గుంటలకుంది. ఓలె క్రిష్ణేణీ, అన్ని పుస్తకాలు సదివినావు, కాళ్లకింద నీళ్లు కనపడ్లేదేటే? ఆ మెట్లు నా కొడుకువి. నా కొడుకు మెట్లమీద దెబ్బలాడుకోడానికి మీరెవుల్రా? ఎక్కండి! బేగి ఎక్కండి! ఓరి గురువులూ, నీ పెళ్లాం ఇక్కడ పేనం గుప్పెట్లో ఎట్టుకుని కూకుంది, నువ్వక్కడ గోడకానుకుని ఏడుస్తన్నావేటిరా?"

గురువులు బయట ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. గుంపులో ఆయన కోసం వెతికాను.

ఆవిడ ఆగలేదు. పేరు పేరునా, ఇంటి గుట్టుతో సహా తిట్టింది. తలలు తిరిగాయి. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత గుంపు. మూడు గంటల రెండు నిమిషాలకి నీళ్లు ఎర్రగీత తాకాయి. నా చెయ్యి గేటు పిడి మీద ఉంది. బయట ఇంకా నలభై మంది ఉన్నారు. గురువులు గేటు దాటి లోపలికి వచ్చేశాడు, చూశాను. అయినా చెయ్యి పిడి నొక్కలేదు. నీళ్లు గడప దాటి నా పాదాల మీదికి వచ్చాయి. దాలమ్మ తిడుతూనే ఉంది.

మూడు గంటల ఆరు నిమిషాలకి మూడు వందల ఆరో మనిషి, తవిటినాయుడు, ఖాళీ చేతులతో లోపలికి వచ్చాడు. గేటు మూశాను. నీళ్లు గీత మీద నాలుగు వేళ్లు. రెండో మోటారు మునిగింది. అస్థికల కుండ మెట్టు మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరూ కలపలేదు, అల వచ్చి తీసుకుపోయింది.

మైకు ఆపడం మర్చిపోయాను. దాలమ్మ గేటువైపు తిరిగి, మామూలుగా రోజూ కన్నంలో మాట్లాడే గొంతుతోనే అంది. నలభై రెండు పెట్టెల్లోనూ వినిపించింది.

"సూసినావా పారినాయుడా? ఇంకో నాలుగు మాటలు ఎక్కువ సెప్పుంటే సరిపోనురా."

ఉప్పెన నాటి పేజీ ఈ పుస్తకంలోనే ఉంది, పారినాయుడి చేతిరాత. ఆ రోజు నాలుగు నిమిషాల్లో నీళ్లు నాలుగు వేళ్లు కాదు, మూడు అడుగులు ఎక్కాయి. నాలుగు మాటలకి వ్యవధి లేదనిపిస్తుంది ఒకసారి. నాలుగుకి లేకపోయినా రెండుకి ఉండేదేమో అనిపిస్తుంది ఇంకోసారి. ఆ పేజీ ఆవిడకి చూపించలేదు.

మైకు ఆపాను. "ఇనుంటాడంటావా?" అంది దాలమ్మ నెమ్మదిగా. "పోయినోలు ఇంటారంటారు కదా. బతికుండగా ఎలాగూ ఇన్నాడు."

తలూపితే సరిపోయేది. ఊపలేకపోయాను. తీగ సంగతి చెప్పాను, మోటారు సంగతి చెప్పాను, ఎనిమిదేళ్ల సంగతి చెప్పాను. పీట సంగతి కూడా చెప్పాను. "నువ్వు క్షమించేశావనుకున్నాడత్తా."

"నానా?" అంది. "ఎవల్నడిగి అనుకున్నాడు?"

బిందె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

పన్నెండో రోజు

దాలమ్మ కుళాయికి రాలేదు. బిందె అక్కడే ఉంది.

కమిటీలో ఇద్దరూ మొట్టమొదటిసారి వాదన లేకుండా ఒక్క మాట మీదికి వచ్చారు. పెట్టెల్లో ఇక దాలమ్మ గొంతు ఉండాలట. ఆవిడని నేను ఒప్పించాలట. "మీరే వెళ్లి అడగండి," అన్నాను. ఇప్పటిదాకా ఎవరూ వెళ్లలేదు.

రెండో మోటారు విప్పి ఎండలో పెట్టాను. సన్యాసమ్మ ఇంటి నుంచి వినే పెట్టె తెచ్చాను, అడగకుండానే పీట కూడా ఇచ్చింది. కొత్త తీగ వేసి కన్నాల లైను నా గదికే కలిపాను. నీ గదికెందుకు అని తవిటినాయుడు అడిగాడు. పెద్ద ఇంకా లేడు కదా బావూ, ఎవరో ఒకరు వినాలి కదా అన్నాను.

పదమూడో రోజు

నీటిమట్టం పదకొండు అడుగులు.

ఆరింటికి మిషను "దయచేసి గమనించండి" అంది. పీట మీద కూర్చున్నాను. ఆరూ నాలుగుకి వినే పెట్టె గరగరమంది.

"ఓలె రత్నం. ఇంటన్నావా?"

మాట్లాడే మీట నొక్కి "వింటున్నానత్తా" అన్నాను.

"అయితే ఇను."

పదకొండు నిమిషాలు తిట్టింది. తీగతో మొదలుపెట్టి, మూర తీగ దాచుకోలేని స్టోరు మీదుగా, నన్ను కన్న మా అమ్మ దాకా వెళ్లింది. తర్వాత ఆగింది. బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. బిందె నిండి పొర్లుతోంది, ఆవిడ తీయడం లేదు. దగ్గుతోందనుకున్నాను. దగ్గు కాదు, ఏడుస్తోంది. పన్నెండేళ్లలో ఆవిడ ఏడవడం ఎవరూ వినలేదు. బంగారయ్య కోసమో, వినకుండా పోయినవాడి కోసమో నేను అడగలేదు.

రెండో మోటారు ఇంకా ఆరలేదు. లైను పనిచేస్తోంది.